నాగా నుంచి హక్కు దాకా: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంత శ్రామిక చరిత్రలో మానసిక అనారోగ్యం – ఉద్యోగ రక్షణ

వ్యాససంగ్రహం

మానసిక అనారోగ్యానికి గురైన ఉద్యోగిని ఉద్యోగంలోనే నిలపడం ఇటీవలి చర్చగా కనిపిస్తుంది గాని, దానికి ఈ ప్రాంతంలో సుదీర్ఘమైన పూర్వచరిత్ర ఉంది. రైల్వే, బొగ్గుగని, ఆర్టీసీ డిపో, ప్రభుత్వ కార్యాలయం జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో నెలజీతపు జీవనాన్ని ఏర్పరచిన ప్రధాన పనిస్థలాలు. ఇవి అనారోగ్యాన్ని ఏ పేరుతో నమోదు చేశాయి, అనారోగ్యం పాలైన మనిషికి ఏ దారి చూపాయి అన్న విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. గైర్హాజరు, అనర్హత, వారసత్వ నియామకం అనే మూడు పద్దుల కింద మానసిక వ్యాధి మరుగున పడిందనీ, సంక్షేమపు ఏర్పాట్లు ఉద్యోగాన్ని కుటుంబంలో నిలిపినంతగా మనిషిని ఉద్యోగంలో నిలపలేదనీ, 1995 తరువాతి చట్టాలు ఆ ప్రశ్ననే తిరగవేశాయనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మానసిక అనారోగ్యం, మస్టరు, నాగా, మెడికల్ అన్‌ఫిట్, వారసత్వ ఉద్యోగం, ప్రత్యామ్నాయ ఉద్యోగం, వికలాంగుల హక్కులు, సింగరేణి, ఆర్టీసీ.

1. ప్రవేశిక

మనోవ్యాధికి మందు లేదని తెలుగు సామెత. ఆ సామెతలో మనోవ్యాధి అంటే దిగులు, బెంగ. వైద్యపరిభాషలోని వ్యాధి కాదు. అయినా ఆ రెండింటినీ ఒకటిగా భావించి, మనసుకు వచ్చిన జబ్బు నయం కాదని, నయం కాని మనిషి పనికి రాడని అనుకోవడం లోకంలో స్థిరపడింది. పనికి రావడం అనే మాటకు తెలుగులో రెండు అర్థాలున్నాయి: పనిలోకి హాజరు కావడం, పనికి యోగ్యంగా ఉండడం. మానసిక అనారోగ్యం ఉన్న ఉద్యోగి చరిత్ర ఈ రెండు అర్థాల మధ్యనే నడిచింది. కొన్నాళ్లు పనికి రాని మనిషిని ఎప్పటికీ పనికిరాని మనిషిగా నిర్ణయించడం సులువు. ఆ నిర్ణయాన్ని ఎవరు చేశారు, ఏ కాగితం మీద చేశారు, దానికి ప్రతిగా ఏమి ఇచ్చారు అన్నవి చరిత్ర అడగవలసిన ప్రశ్నలు.

2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి ప్రత్యేక జిల్లాలయ్యాయి. మూడూ ప్రధానంగా ఉమ్మడి వరంగల్ భూభాగాలే అయినా, వాటి శ్రామిక స్వరూపాలు వేరు. జనగామ, మహబూబాబాద్ రైలుమార్గం మీది పట్టణాలు. వాటి చుట్టూ మెట్టసాగు, పత్తి, మిరప, లంబాడా తండాలు విస్తరించి ఉన్నాయి. భూపాలపల్లి బొగ్గుతో పెరిగిన పట్టణం. మూడు చోట్లా ఆర్టీసీ డిపోలున్నాయి. ఒకే సమస్యను భిన్నమైన పనిస్థలాలలో పోల్చి చూడడానికి ఈ వైవిధ్యం అనువుగా ఉంది.

2. హాజరుపట్టీకి ముందు: ఇల్లు, ఊరు, ఆసుపత్రి

సేద్యం, కులవృత్తులు ప్రధానంగా ఉన్న కాలంలో ఉద్యోగం పోవడం అనే మాటకు అర్థం లేదు. ఇంటిల్లిపాదీ చేసే పనిలో ఒకరి శక్తి తగ్గితే వారికి తేలికపాటి పని అప్పగించేవారు. నాగలి పట్టలేని వాడు పశువులు కాసేవాడు, మగ్గం మీద కూర్చోలేని వాడు కండెలు చుట్టేవాడు. పనిని మనిషికి తగ్గట్టు మార్చడం అనే సూత్రం ఇక్కడ పేరు లేకుండానే అమలైంది. అయితే దీనిని స్వర్ణయుగంగా చిత్రించడం చరిత్రకు అన్యాయం. ఆ ఆదరణకు కుటుంబపు ఓపికే హద్దు. ఆ ఓపిక తీరినప్పుడు గాలి సోకిందనీ దయ్యం పట్టిందనీ భూతవైద్యం చేయించడం, గదిలో బంధించడం, గొలుసు వేయడం ఉండేవి. వెట్టి ఉన్న గ్రామాలలో జబ్బు మనిషికి ఆ మాత్రపు వెసులుబాటు కూడా లేదు. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టులో మంటలు చెలరేగి గొలుసులతో కట్టివేయబడిన మానసిక రోగులు 28 మంది మరణించేదాకా ఈ బంధనం దేశానికి పెద్ద ప్రశ్న కాలేదు.

వైద్యం దూరంగా ఉండడం ఈ పరిస్థితికి మరొక కారణం. హైదరాబాదు రాజ్యంలో మానసిక రోగుల ఆసుపత్రి మరాఠీ ప్రాంతమైన జాల్నాలో ఉండేది. 1953లో అది హైదరాబాదులోని ఎర్రగడ్డకు మారింది. వరంగల్‌లో కాకతీయ వైద్య కళాశాల 1959లో ఏర్పడింది. ఆసుపత్రి దగ్గరైన కొద్దీ వైద్యం అందింది గాని, పేరుకు అంటిన మచ్చ పోలేదు. ఎర్రగడ్డ అనే ఊరి పేరే తెలంగాణలో ఎగతాళి మాటగా మారింది. సెలవు చీటీ మీద ఆ ఆసుపత్రి ముద్ర పడితే సహోద్యోగుల చూపు మారుతుందన్న భయం, జబ్బును దాచడానికి బలమైన కారణమైంది. దాచిన జబ్బు చికిత్సకు నోచుకోదు. చికిత్స లేని జబ్బు చివరకు హాజరుపట్టీలో బయటపడుతుంది.

3. రైలుమార్గం: తరగతి మార్పు అనే ఆలోచన

ఈ ప్రాంతానికి నెలజీతం, గడియారపు వేళ, వైద్యపరీక్ష అన్నవి రైలుతో వచ్చాయి. నిజాం రాజ్యపు రైలుమార్గం 1886లో వరంగల్ వరకు, 1888లో డోర్నకల్ మీదుగా ఇల్లెందు గనుల వరకు, 1889లో బెజవాడ వరకు సాగింది. జనగామ, మహబూబాబాద్, డోర్నకల్ స్టేషన్లు ఆ దారిలోవే. రైలు నడపడంలో ఒకరి ఏమరుపాటు వందల ప్రాణాల మీదికి వస్తుంది కనుక, రైల్వే తన ఉద్యోగులను వైద్యపరంగా తరగతులుగా విభజించింది. ఇంజను నడిపేవారికి ఏ-1, కార్యాలయ సిబ్బందికి సీ-2 ఈ వర్గీకరణకు రెండు కొసలు.

ఈ వర్గీకరణలో ఒక విలువైన ఆలోచన ఇమిడి ఉంది. ఒక తరగతికి అనర్హుడైన వ్యక్తి అన్ని పనులకూ అనర్హుడు కాడు. అతనిని తక్కువ వైద్యప్రమాణం అవసరమైన మరొక పనికి మార్చవచ్చు. రైల్వే ఉద్యోగులు దీనిని డీకేటగరైజేషన్ అంటారు. వైద్యకారణాల వల్ల అశక్తులైన సిబ్బందిని ప్రత్యామ్నాయ ఉద్యోగాలలో ఇముడ్చుకోవడానికి రైల్వే నియమావళిలో 13వ అధ్యాయమే ఉంది. 1995 చట్టం వచ్చాక, 1999లో ఈ నియమాలను సవరించి, వెంటనే తగిన ఖాళీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించి అయినా ఆ ఉద్యోగిని నిలపాలని నిర్దేశించారు.

అయితే రైల్వే పరీక్షలకు చూపు, వర్ణజ్ఞానం, వినికిడి, అవయవదార్ఢ్యం సులువుగా అందుతాయి. దృష్టిపటం మీది అక్షరాలను చదవలేకపోవడం కొలతకు లొంగుతుంది. నెలల తరబడి నిద్రలేమి, అకారణ భయం, ఏకాగ్రత చెదరడం అలా లొంగవు. కన్ను మసకబారిందని చెప్పుకోవడానికి సిగ్గుపడని ఉద్యోగి మనసు చెదిరిందని చెప్పుకోవడానికి వెనుకాడతాడు. అందువల్ల ప్రత్యామ్నాయ ఉద్యోగమనే మంచి ఏర్పాటు శరీరానికి ముందుగా, మనసుకు ఆలస్యంగా అందింది.

4. బొగ్గుబావి: మస్టరు, అన్‌ఫిట్, వారసుడు

సింగరేణి చరిత్ర 1871లో ఇల్లెందు సమీపంలో విలియం కింగ్ బొగ్గును కనుగొనడంతో మొదలవుతుంది. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ గనుల హక్కులు పొందింది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. భూపాలపల్లి ఈ చరిత్రలో చివరి అధ్యాయాలలోకి వస్తుంది. అక్కడి కాకతీయ ఖని గనులను జనం కేటీకే గనులంటారు. పక్కనే చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రపు 500 మెగావాట్ల తొలి యూనిట్ 2010లో పనిచేయడం మొదలుపెట్టింది.

గని కార్మికుని జీవితం మస్టరుతో కొలవబడుతుంది. హాజరైన రోజు మస్టరు, హాజరు కాని రోజు నాగా. ఏడాదికి వంద మస్టర్లు నిండకపోతే కార్మికుడు క్రమశిక్షణ చర్యకు దగ్గరవుతాడు. ఛార్జిషీటు, విచారణ, తొలగింపు ఆ వరుసలో వస్తాయి. ఈ లెక్కలో కారణానికి గడి లేదు. తీవ్రమైన కుంగుబాటుతో మంచం దిగలేని మనిషిదీ నాగానే, తాగి పడుకున్న మనిషిదీ నాగానే. ఉన్మాదస్థితిలో సర్దార్‌తో తగవు పెట్టుకున్నవాడి మీద దుష్ప్రవర్తన అభియోగం నమోదవుతుంది. ఎవరో తనను చంపడానికి పొంచి ఉన్నారన్న భ్రాంతితో బావిలోకి దిగనని మొండికేసినవాడు ఆజ్ఞాధిక్కారి అవుతాడు. జబ్బు లక్షణాలు కాగితం మీద తప్పులుగా తర్జుమా అయ్యాయి. గైర్హాజరు కార్మికులను కుటుంబసభ్యులతో సహా పిలిచి కౌన్సెలింగ్ చేసే పద్ధతి సింగరేణిలో ఉంది. కుటుంబాన్ని కలుపుకోవడం మంచిదే. కాని ఆ సమావేశం హెచ్చరికతో ముగిస్తే హాజరు కొన్ని వారాలు పెరుగుతుంది గాని, జబ్బుకు చికిత్స మొదలు కాదు.

గనుల చట్టం కూడా మనసు వైపు చూడలేదు. 1952 గనుల చట్టం, 1955 నియమాల ప్రకారం కార్మికునికి ఉద్యోగంలో చేరేటప్పుడు, ఆ తరువాత అయిదేళ్లకొకసారి వైద్యపరీక్ష జరగవలసి ఉండేది. దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల వ్యాధులు, వినికిడి లోపం వంటివి ఆ చట్టం కింద ప్రకటిత వ్యాధులుగా ఉండేవి. మనోవ్యాధి ఆ జాబితాలో లేదు. కార్మిక రాజ్యబీమా పథకంలో దీర్ఘకాలిక వ్యాధుల పట్టికలో తీవ్ర మనోవ్యాధులకు చోటు ఉంది, పొడిగించిన అనారోగ్య భృతి దొరుకుతుంది. కాని గనుల చట్టం పరిధిలోని గనులు ఆ బీమా కిందికి వచ్చేవి కావు.

ఇక మిగిలిన దారి మెడికల్ బోర్డు. 1975 నుంచి కుదురుతూ వచ్చిన జాతీయ బొగ్గు వేతన ఒప్పందాలలో మరణించిన కార్మికుని వారసునికి ఉద్యోగం ఇవ్వాలనే క్లాజుతో పాటు, గాయం వల్ల గాని వ్యాధి వల్ల గాని శాశ్వతంగా అశక్తుడై ఉద్యోగం కోల్పోయిన కార్మికుని వారసునికి కూడా ఇవ్వాలనే క్లాజు చేరింది. గని కార్మికుల పోరాటఫలాలలో ఇది చిన్నది కాదు. దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు చెడిన తండ్రి ఇంట్లో కూర్చుంటే, కొడుకు మస్టరుతో పొయ్యి వెలిగింది. సింగరేణి పల్లెల్లో అన్‌ఫిట్ కావడం అనే మాట నిందగా కాక, ఒక్కోసారి కోరికగా వినిపించడానికి కారణం ఇదే.

మానసిక అనారోగ్యం విషయంలో మాత్రం ఈ ఏర్పాటుకు మరో ముఖం ఉంది. చెడిన ఊపిరితిత్తి తిరిగి బాగుపడదు. కుంగుబాటు, ద్విధ్రువ రుగ్మత, స్కిజోఫ్రీనియా ఉన్నవారిలో చాలామంది చికిత్సతో, తగిన మార్పులతో పని చేయగలరు. కాని ఒప్పందం అడిగేది శాశ్వత అశక్తతనే. కొంత కాలం ఆగి, కొంత పని తగ్గించి, తిరిగి చేర్చుకునే మధ్యమార్గానికి అందులో ప్రతిఫలం లేదు. మనిషి కోలుకుంటే కొడుకు ఉద్యోగం పోతుంది, కోలుకోకపోతే ఉద్యోగం వస్తుంది. ఇంతటి విపరీతపు లెక్క ఇంట్లో ఎవరూ కోరుకోకుండానే ఏర్పడింది. నలభై అయిదేళ్లకే అన్‌ఫిట్ ముద్రతో ఇంటికి చేరిన మనిషి జీతంతో పాటు సోపతిగాళ్లను, షిఫ్టు వేళలను, తనకంటూ ఉన్న పేరును పోగొట్టుకుంటాడు. వైద్యుల దృష్టిలో అవే అతన్ని కోలుకునేలా చేసే సాధనాలు.

1990ల చివర వారసత్వ ఉద్యోగాలు ఆగిపోయాయి. వాటి పునరుద్ధరణ తెలంగాణ ఉద్యమకాలంలో ప్రధానమైన కోరికలలో ఒకటి. రాష్ట్రం ఏర్పడ్డాక ప్రకటించిన వారసత్వ పథకాన్ని 2017 మార్చిలో హైకోర్టు సమానావకాశ సూత్రానికి విరుద్ధమని కొట్టివేసింది. తరువాత వైద్యకారణాల మీద కారుణ్య నియామకాల రూపంలో ఆ మార్గం కొనసాగింది. దీనివల్ల మెడికల్ బోర్డు ఇచ్చే అన్‌ఫిట్ నిర్ణయం మునుపటి కంటే విలువైనదయింది. ఈ వాదోపవాదాలన్నింటిలోనూ ఉద్యోగం ఎవరికి బదిలీ కావాలన్నదే ప్రశ్న. జబ్బుపడిన మనిషి తానే తిరిగి పనిలోకి ఎలా రావాలన్నది ఎవరి కోరికల పత్రంలోనూ ముఖ్యాంశం కాలేదు.

5. బస్సు డిపో: ఒప్పందం, సమ్మె, తీర్పు

ఈ ప్రాంతపు బస్సురవాణా కూడా రైలుకు తోబుట్టువే. 1932లో నిజాం రాజ్య రైల్వేలో ఒక విభాగంగా 27 బస్సులతో అది మొదలైంది. 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. డ్రైవరు వృత్తిలో కంటిచూపే జీవనాధారం కనుక, కంటి సమస్య వల్ల తొలగింపులు తరచుగా వివాదమయ్యేవి. 1979 డిసెంబరు 17న యాజమాన్యానికీ కార్మికులకూ కుదిరిన ఒప్పందంలో వర్ణాంధత్వం ఉన్నట్లు తేలిన డ్రైవర్లకు జీతం, సర్వీసు కాపాడుతూ ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వాలన్న క్లాజు ఉంది. పార్లమెంటు ఆ దిశగా చట్టం చేయడానికి పదహారేళ్ల ముందే డిపోలలో ఆ సూత్రం కుదిరిందన్న మాట.

2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఆ పాత ఒప్పందాన్ని తిరిగి వెలికితీసింది. వర్ణాంధత్వం కారణంగా ఇంటికి పంపబడిన ఒక డ్రైవరు కేసులో, ప్రత్యామ్నాయ ఉద్యోగం కోసం నిజాయితీగా వెతకకుండా తొలగించడం చెల్లదని చెప్పి, తగిన ఉద్యోగం ఇవ్వాలని తెలంగాణ ఆర్టీసీని ఆదేశించింది. కేసు కంటికి సంబంధించినదే అయినా, అందులోని సూత్రం విశాలమైనది. వేరే పని లేదని నిరూపించవలసిన బాధ్యత సంస్థదే తప్ప, పనిని వెతికి చూపవలసిన బాధ్యత ఉద్యోగిది కాదు.

ఉద్యోగానికీ మనసుకూ ఉన్న బంధాన్ని 2019 సమ్మె మరో దిక్కు నుంచి చూపింది. అక్టోబరు 5న మొదలై 52 రోజులు సాగిన ఆ సమ్మెలో వేలాది కార్మికులు తమకు తామే ఉద్యోగాలు వదులుకున్నట్లుగా ప్రకటించబడ్డారు. ఆ రోజుల్లో పలువురు కార్మికులు ప్రాణాలు తీసుకున్నారు. మహబూబాబాద్ డిపో కూడా ఒక డ్రైవరును పోగొట్టుకుంది. ఏ ఒక్క మరణానికీ ఒకే కారణం చెప్పడం తొందరపాటు. కాని ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని స్థితి మనసు మీద మోపే భారం ఎంతటిదో ఈ ప్రాంతం కళ్లారా చూసింది. మనసు చెదిరితే ఉద్యోగం పోవడమే కాదు, ఉద్యోగం చెదిరితే మనసు పోవడం కూడా ఈ చరిత్రలో భాగమే.

6. చట్టపు మలుపు: మనిషిని మార్చడం నుంచి పనిని మార్చడం వైపు

వలస పాలనాకాలపు 1912 చట్టం మానసిక రోగిని నిర్బంధించవలసిన వ్యక్తిగానే చూసింది. శ్రామిక చట్టం కూడా అతనికి అనుకూలం కాలేదు. పారిశ్రామిక వివాదాల చట్టానికి 1953లో చేసిన సవరణ రిట్రెంచ్‌మెంట్‌ను నిర్వచిస్తూ, ఎడతెగని అనారోగ్యం కారణంగా జరిగే తొలగింపును ఆ నిర్వచనం నుంచి మినహాయించింది. అంటే యంత్రం వచ్చి పని పోయిన కార్మికునికి దక్కే పరిహారం, జబ్బు వచ్చి పని పోయిన కార్మికునికి దక్కేది కాదు. రాజస్థాన్ రోడ్డు రవాణా సంస్థ డ్రైవర్ల కేసులో చూపు తగ్గడం కూడా ఈ మినహాయింపు కిందికే వస్తుందని సుప్రీంకోర్టు అన్నది. అయినా ఆ డ్రైవర్లను ఊరకే పంపివేయడం న్యాయం కాదని, ప్రత్యామ్నాయ ఉద్యోగమో పరిహారమో ఇవ్వాలని ఆదేశించింది.

1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం, 1987లో మానసిక ఆరోగ్య చట్టం, 1996లో జిల్లా స్థాయి కార్యక్రమం వచ్చాయి. ఇవన్నీ చికిత్సకు సంబంధించినవి. ఉద్యోగానికి సంబంధించిన అసలు మలుపు 1995 వికలాంగుల చట్టపు 47వ సెక్షన్. సర్వీసులో ఉండగా వైకల్యం కలిగిన ఉద్యోగిని తొలగించరాదు, హోదా తగ్గించరాదు. పాత పనికి తగకపోతే అదే జీతంతో మరో పోస్టుకు మార్చాలి. అదీ లేకపోతే అదనపు పోస్టులో ఉంచాలి. ఆ చట్టం పేర్కొన్న వైకల్యాలలో మానసిక వ్యాధి కూడా ఒకటి. అయితే నియామకాలలో ఇచ్చిన 3 శాతం రిజర్వేషన్‌లో దానికి చోటు దక్కలేదు. ఉద్యోగంలో ఉన్నవాడిని ఉంచమన్న చట్టమే, కొత్తగా రావాలనుకున్నవాడికి తలుపు తీయలేదు.

భారతదేశం 2007లో వికలాంగుల హక్కుల అంతర్జాతీయ ఒడంబడికను ఆమోదించింది. దానికి అనుగుణంగా వచ్చిన 2016 చట్టం వైకల్యాల సంఖ్యను 21కి పెంచింది. రిజర్వేషన్‌ను 4 శాతం చేసి, అందులో మానసిక వ్యాధి ఉన్నవారికి ఇతర వర్గాలతో కలిపి చోటు కల్పించింది. అవసరమైన సర్దుబాట్లు చేయకపోవడమే వివక్ష అని నిర్వచించింది. పాత 47వ సెక్షన్ సారం ఇందులోని 20వ సెక్షన్‌లో కొనసాగింది. 2018లో అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక వ్యాధిని శారీరక వ్యాధితో సమానంగా చూడాలన్నది.

ఈ చట్టాలకు ప్రాణం పోసినది 2021 డిసెంబరు 17 నాటి సుప్రీంకోర్టు తీర్పు. కేంద్ర రిజర్వు పోలీసు దళానికి చెందిన ఒక అధికారికి కుంగుబాటు, అబ్సెసివ్ కంపల్సివ్ రుగ్మత ఉన్నట్లు తేలింది. అతని ప్రవర్తన మీద క్రమశిక్షణ చర్యలు మొదలయ్యాయి. దుష్ప్రవర్తనకు మానసిక వైకల్యం ఏకైక కారణమని ఉద్యోగి నిరూపించనక్కరలేదని, కారణాలలో అదొకటైతే చాలునని కోర్టు అన్నది. అతనిపై జరిగిన చర్యలను రద్దు చేసింది. ప్రస్తుత విధికి తగడని తేలితే జీతం, సర్వీసు కాపాడుతూ మరో పనికి మార్చాలన్నది. గని మస్టరులోని నాగాలకు, ఛార్జిషీటులోని ఆజ్ఞాధిక్కారానికి ఈ తీర్పు వెలుగులో కొత్త పఠనం అవసరమవుతుంది. అభియోగం రాసే ముందు వైద్యుని అడగడం దయ మాత్రమే కాదు, న్యాయవిధి కూడా.

7. నిలపడం అంటే ఏమిటి: ఆచరణలోని వివరాలు

ఉద్యోగంలో నిలపడం అన్నది పెద్ద పథకం కంటే చిన్న సర్దుబాట్ల మీద ఆధారపడుతుంది. ద్విధ్రువ రుగ్మత ఉన్నవారికి నిద్ర తప్పడం ఉన్మాదస్థితిని రేపవచ్చు కనుక, వంతుల వారీ రాత్రి షిఫ్టు బదులు స్థిరమైన పగటి షిఫ్టు ఇవ్వడమే చికిత్సలో భాగమవుతుంది. లిథియం వాడే మనిషి వేడిలో చెమటోడ్చి నీరు, ఉప్పు కోల్పోతే రక్తంలో మందు పాలు ప్రమాదకరంగా పెరగవచ్చు. అతన్ని బావి లోపలి వేడి నుంచి ఉపరితలం పనికి మార్చడం ప్రాణరక్షణే. మగత కలిగించే మందులు వాడే డ్రైవరును కొంతకాలం స్టీరింగ్ నుంచి తప్పించి డిపో పని ఇవ్వడం ప్రయాణికులకూ క్షేమం. తండాలోని ఏకోపాధ్యాయ పాఠశాలలో ఒంటరిగా ఉన్న ఉపాధ్యాయురాలిని నలుగురు సహోద్యోగులున్న బడికి మార్చడం కూడా ఈ కోవలోదే. రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల సెలవు ఉత్తర్వులలో క్షయ, కుష్టు, క్యాన్సర్‌ల సరసన మానసిక వ్యాధి పేరు ఉంది. కాని సెలవు ముగిసిన మరునాడు ఏం జరగాలో ఆ ఉత్తర్వులు చెప్పవు. క్రమంగా పని పెంచుతూ తిరిగి చేర్చుకునే ఘట్టం ఇంకా రాయవలసి ఉంది.

ధ్రువీకరణలోనూ ఒక చిక్కు ఉంది. మానసిక వైకల్యాన్ని కొలవడానికి భారతీయ మనోవైద్యుల సంఘం రూపొందించిన ఐడియాస్ కొలమానంలో స్వీయసంరక్షణ, మానవ సంబంధాలు, సంభాషణ–అవగాహన, పని అనే నాలుగు అంశాలున్నాయి. మందులు వాడుతూ, కష్టపడి ఉద్యోగం నిలుపుకున్న వ్యక్తికి పని అంశంలో వైకల్యం తక్కువగా తేలుతుంది. 40 శాతం నిండకపోతే ఆ ధ్రువపత్రంతో వచ్చే ప్రయోజనాలు అందవు. బాగా నెగ్గుకొస్తున్నవాడికే రక్షణ తగ్గే ఈ స్థితి, గనిలోని అన్‌ఫిట్ లెక్కకు దూరపు చుట్టమే.

వైద్యం మాత్రం దగ్గరయింది. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. 2022 అక్టోబరు 10న దేశవ్యాప్తంగా మొదలైన టెలీమానస్ సేవ 14416 నంబరు మీద మాతృభాషలో పలుకుతుంది. ఒకనాడు జాల్నాకు, ఆ తరువాత ఎర్రగడ్డకు పోవలసిన మనిషి ఇప్పుడు ఉదయం వైద్యుని చూసి రెండో షిఫ్టుకు హాజరు కావచ్చు. జిల్లా వైద్యునికీ పనిస్థలానికీ మధ్య నమ్మకమైన మార్గం, రోగి రహస్యాన్ని కాపాడే పద్ధతి ఏర్పడితేనే ఈ సామీప్యం ఫలిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పనిస్థలాల మానసిక ఆరోగ్యంపై ఇచ్చిన మార్గదర్శకాలు పై అధికారులకు శిక్షణ, పనిలో సర్దుబాట్లు, క్రమానుగత పునఃప్రవేశం అనే అంశాలనే నొక్కిచెప్పాయి.

8. యజమాని లేని శ్రామికులు

పై చర్చ అంతా నెలజీతం ఉన్నవారి గురించి. ఈ మూడు జిల్లాల శ్రామికులలో వారు కొద్దిమందే. 2016 చట్టపు 20వ సెక్షన్ ప్రభుత్వ సంస్థలకే వర్తిస్తుంది. కాంట్రాక్టు కార్మికుడు, హమాలీ, మిరప ఏరే కూలీ, కౌలురైతు దాని నీడలోకి రారు. 1997–98లో పత్తిపంట దెబ్బతిని వరంగల్ జిల్లా రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కలచివేశాయి. ఆ తరువాతి ప్రభుత్వ స్పందన పరిహార రూపం దాల్చింది. మరణించిన రైతు కుటుంబానికి 2004లో లక్షన్నర, తెలంగాణ ఏర్పడ్డాక 2015లో ఆరు లక్షల రూపాయల సాయం నిర్ణయించారు. ఆ సాయం అవసరమైనదే. కాని గనిలో చూసిన తర్కమే ఇక్కడా పనిచేసింది. మనిషి పోయాక ఇంటికి సాయం అందింది. మనిషి ఉండగా, అప్పుకూ దిగులుకూ మధ్య నలుగుతున్నప్పుడు, అతని చేత సేద్యం మాన్పించకుండా నిలబెట్టే ఏర్పాటు లేదు.

దీనికి భిన్నమైన ఒక చిన్న దారి ఉపాధి హామీలో కనిపించింది. 2006లో ఆ పథకం మొదలైన తొలి జిల్లాలలో వరంగల్ ఒకటి. ఉమ్మడి రాష్ట్రంలో వికలాంగులకు ప్రత్యేక శ్రమశక్తి సంఘాలు ఏర్పరచి, తక్కువ పరిమాణపు పనికి పూర్తి కూలి ఇచ్చే పద్ధతి పెట్టారు. పనికి తగ్గ మనిషిని వెతకకుండా మనిషికి తగ్గట్టు పనిని కొలవడం అందులోని సారం. పశువులు కాసే పని అప్పగించిన పాత ఇంటి నీతికి అది ప్రభుత్వరూపం. మానసిక అనారోగ్యం ఉన్నవారిని ఆ కొలతలోకి విస్తృతంగా తేవడానికి దారి అక్కడ ఉంది.

9. ముగింపు

ఈ ప్రాంతపు శ్రామిక చరిత్రను మానసిక అనారోగ్యం కోణం నుంచి చదివినప్పుడు మూడు విషయాలు స్పష్టమవుతాయి. మొదటిది, జబ్బు ఎన్నడూ తన పేరుతో దస్త్రాలకెక్కలేదు. నాగాగా, దుష్ప్రవర్తనగా, సాధారణ అనర్హతగా మారువేషంలో ఎక్కింది. అందుచేత మానసిక ఆరోగ్య చరిత్రను రాయదలచిన పరిశోధకులు ఆసుపత్రి రికార్డులతో ఆగకుండా మస్టరు రోలు, ఛార్జిషీటు, మెడికల్ బోర్డు ఉత్తర్వులను కూడా మూలాధారాలుగా చదవాలి. రెండవది, ప్రత్యామ్నాయ ఉద్యోగమనే భావన పరాయిది కాదు. రైల్వే తరగతులలో, 1979 ఆర్టీసీ ఒప్పందంలో అది స్థానికంగానే ఎదిగింది. అయితే కంటికి దక్కిన ఆ న్యాయం మనసు దాకా చేరలేదు. మూడవది, వారసత్వ ఉద్యోగం, కారుణ్య నియామకం, ఆత్మహత్యానంతర పరిహారం కుటుంబాన్ని ఆదుకున్నాయి. ఆ మేలును తక్కువ చేయనక్కరలేదు. కాని వాటికి వెలగా జబ్బుపడిన మనిషి పనిలోంచి తప్పుకోవలసి వచ్చింది.

1995 నుంచి 2021 దాకా వచ్చిన చట్టాలు, తీర్పులు ఆ వెల చెల్లించనక్కరలేదని చెబుతున్నాయి. కార్మిక సంఘాల కోరికల పత్రాలలో వారసునికి ఉద్యోగం అనే వాక్యానికి ముందు, కోలుకున్న కార్మికునికి తన ఉద్యోగం అనే వాక్యం చేరిన నాడు ఈ మాట గని దాకా, డిపో దాకా చేరినట్లవుతుంది. అప్పుడు మస్టరు పుస్తకంలో నాగా పక్కన కారణం రాయడానికి ఒక గడి ఏర్పడుతుంది.